ఎర్రమందు కీమో తరువాత రెండో రోజు నుంచి వాంతులు: రెండో విడతకు ముందే ఏం చేయాలి?

ప్రశ్న (రాజోలు దగ్గరి పల్లె నుంచి)

అందరికీ నమస్కారం. మా అమ్మకు 54 ఏళ్లు. రొమ్ము క్యాన్సరుకు ఆపరేషన్ అయిన తరువాత, మూడు వారాలకు ఒకటి చొప్పున నాలుగు విడతలు ఎర్రమందుతో కీమో ఇవ్వాలని, ఆపైన వేరే మందు మొదలుపెట్టాలని డాక్టరుగారు నిర్ణయించారు. మొదటి విడత అయి తొమ్మిది రోజులైంది. మందు ఎక్కించిన రోజున అమ్మకు ఏ ఇబ్బందీ కలగలేదు. కాకినాడ నుంచి తిరిగి వచ్చేటప్పుడు దారిలో రెండు ఇడ్లీలు కూడా తిన్నది. మరునాటి రాత్రి మొదలైన వికారం మాత్రం ఐదో రోజు వరకు వదలలేదు. మూడో రోజున ఏడుసార్లు వాంతి అయింది, మంచినీళ్లు కూడా కడుపులో నిలవలేదు, చివరికి సెలైను పెట్టించవలసి వచ్చింది.

ఇంటికి పంపేటప్పుడు ఒండాన్‌సెట్రాన్ మాత్రలు ఇచ్చి, వాంతి వస్తే వేసుకోమని చెప్పారు. మేము అలాగే చేశాము, కానీ వేసిన మాత్ర వేసినట్టే బయటికి వచ్చేసేది. ఇప్పుడు అమ్మ ఇక ఆ మందు తనకు వద్దని, రెండో విడతకు రానని అంటున్నది. ఆమెకు షుగరు కూడా ఉంది. ఇరుగుపొరుగువారు కీమో అన్నాక వాంతులు తప్పవని, ఓర్చుకోవాలని చెబుతున్నారు. నిజంగా తప్పవా? డాక్టరుగారిని నేను ఏమని అడగాలి?

జవాబు 1 (కీమో వార్డులో నర్సుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను, అమలాపురం)

అమ్మా, మీ ఇరుగుపొరుగువారు తాము చూసినదే చెబుతున్నారు. ఒండాన్‌సెట్రాన్‌కు అమెరికాలో అనుమతి వచ్చినదే 1991లో. అంతకుముందు కీమో చేయించుకున్నవారు పడిన బాధ ఇళ్లలో కథలుగా మిగిలిపోయింది. ఈనాడు చాలామందికి వాంతులను పూర్తిగా ఆపవచ్చు. వికారాన్ని పూర్తిగా తీసివేయడం అంతకంటే కష్టం, అయినా చాలావరకు తగ్గించవచ్చు. దీనికి ఒకటే షరతు: మందు వాంతి వచ్చాక కాదు, రాకముందే పడాలి.

మీరు రాసిన దానిలో అసలు కీలకం, మొదటి రోజు బాగుండి రెండో రోజు రాత్రి మొదలవడం. కీమో మందు చిన్నపేగు గోడలోని కొన్ని కణాలను దెబ్బతీసినప్పుడు వాటినుంచి సెరటోనిన్ విడుదలై, నరం ద్వారా మెదడులోని వాంతి కేంద్రానికి కబురు పంపుతుంది. తొలి 24 గంటల వాంతులకు ముఖ్య కారణం ఇదే, దీనిని అడ్డుకునేది ఒండాన్‌సెట్రాన్. ఆ తరువాత ఐదు రోజుల వరకు వచ్చే వాంతులను నడిపించేది ఎక్కువగా సబ్‌స్టెన్స్ పి అనే మరొక పదార్థం. దానిమీద ఒండాన్‌సెట్రాన్ పెద్దగా పనిచేయదు. కనుక మీ అమ్మగారికి ఆ మాత్ర తొలిరోజు పనిచేసి మూడో రోజు చేయకపోవడంలో వింత లేదు, ఆమె మనోబలం తక్కువై వచ్చిన వాంతులు కావవి. ఈ సంగతిని దయచేసి ఆమెకు విడమరచి చెప్పండి.

ఎర్రమందు అంటే డాక్సోరూబిసిన్. దానిని రొమ్ము క్యాన్సరులో సాధారణంగా సైక్లోఫాస్ఫమైడ్‌తో కలిపి ఇస్తారు. ఈ జోడీని వాంతులు అత్యధికంగా కలిగించే మందుల వర్గంలో ఉంచారు. ముందుజాగ్రత్త మందులు ఇవ్వకపోతే ఈ వర్గంలో నూటికి 90 మందికి పైగా వాంతులవుతాయి. అందుకే ఈ వర్గానికి నాలుగు రకాల మందులను కలిపి ఇవ్వాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి: ఒండాన్‌సెట్రాన్ లేదా పాలోనోసెట్రాన్, డెక్సామెథసోన్, అప్రెపిటాంట్ లేదా దాని ఇంజెక్షను రూపమైన ఫోస్‌అప్రెపిటాంట్, వీటితోపాటు ఓలాంజపీన్. సబ్‌స్టెన్స్ పిని అడ్డుకునేది అప్రెపిటాంట్. ఆ మాత్రలను సాధారణంగా కీమోకు గంట ముందు 125 మిల్లీగ్రాములు, తరువాతి రెండు రోజులు 80 మిల్లీగ్రాముల చొప్పున వేస్తారు. మొదటిసారి ఏమేమి ఇచ్చారో డిశ్చార్జి కాగితంలో చూసి, వీటిలో లేనిది ఏదో, ఎందుకు లేదో డాక్టరుగారిని మర్యాదగానే, స్పష్టంగా అడగండి. మొదటి విడతలో జరిగినది తెలిస్తే వారు మందుల పట్టికను మారుస్తారు. తెలియజేయనిదే వారికి తెలియదు, చాలా ఇళ్లలో పొరపాటు ఇక్కడే జరుగుతుంది.

మరొక మాట. మీరు కడుపులో ఉన్నప్పుడు ఆమెకు వేవిళ్లు ఎక్కువగా ఉండేవా? బస్సు ఎక్కితే తిప్పుతుందా? ఇవి ఉన్న స్త్రీలకు కీమో వాంతులు ఎక్కువగా వస్తాయి కాబట్టి ఈ వివరాలనూ డాక్టరుగారికి చెప్పండి. షుగరు సంగతి ముందే చెప్పాలి, ఎందుకంటే డెక్సామెథసోన్ స్టెరాయిడు, రెండు మూడు రోజులు షుగరును పెంచుతుంది. దానికి భయపడి మీరే ఆ మందు మానిపించకండి. ఆ రోజుల్లో ఇంట్లో ఎన్నిసార్లు పరీక్షించాలో, షుగరు మందును సరిచేయాలో లేదో వారే నిర్ణయిస్తారు.

ఇరవైనాలుగు గంటలపాటు నీళ్లు కూడా నిలవకపోయినా, మూత్రం బాగా తగ్గి చిక్కటి పసుపుగా వచ్చినా, లేచి నిలబడితే కళ్లు తిరిగినా, జ్వరం 100.4 డిగ్రీలు దాటినా ఇంట్లో సెలైనుతో సరిపెట్టకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లండి. కీమో రోజుల్లో జ్వరం అర్ధరాత్రి వచ్చినా తెల్లవారేదాకా ఆగకూడదు.

జవాబు 2 (నేను చేయించుకున్నదాన్ని, పాలకొల్లు)

చెల్లెమ్మా, నాది కూడా ఇదే మందు, ఇవే నాలుగు విడతలు. మొదటి రెండుసార్లు మీ అమ్మగారిలాగే బాధపడ్డాను, ఎవరికీ చెప్పలేదు. దాని ఫలితం ఏమిటంటే, మూడోసారి వెళ్లేటప్పుడు బస్సు ఎదుర్లంక వంతెన ఎక్కగానే, యానాం ఇంకా రాకముందే, నాకు డోకులు మొదలయ్యాయి. అప్పటికి ఒంట్లోకి ఒక్క చుక్క మందు వెళ్లలేదు. పాత బాధను గుర్తుపెట్టుకున్న మెదడు ముందుగానే తిప్పడం మొదలుపెడుతుందని, ఒకసారి పట్టుకుంటే దానికి సాధారణ వాంతి మందులు సరిగా పనిచేయవని డాక్టరుగారు చెప్పారు. ముందురోజు రాత్రికి, వెళ్లే ఉదయానికి ఆందోళన తగ్గించే మాత్ర రాశారు, నెమ్మదిగా ఊపిరి తీసి వదలడం నేర్పించారు. నాలుగోసారి వంతెన మీద కళ్లు మూసుకుని కూర్చున్నాను, గండం గడిచింది. మీ అమ్మగారికి ఇది రెండో విడతే కాబట్టి, ఈసారి వాంతులు ఆగితే ఆ అలవాటు పట్టకుండానే పోవచ్చు. అందుకే తొందరపడమంటున్నాను.

తిండి విషయంలో నాకు పనికివచ్చినవి చెబుతాను. వేడి అన్నం వాసనకే నాకు తిప్పేది, అందుచేత అన్నీ చల్లారిన తరువాతే తినేదాన్ని: మెత్తగా కలిపిన పెరుగన్నం, పలచని రాగిజావ, సగ్గుబియ్యం జావ, రెండు గంటలకొకసారి నాలుగైదు ముద్దలు. మా ఇంట్లో ఆ వారం చేపల వేపుడు మానేశారు, పోపు పెట్టేటప్పుడు నన్ను అరుగు మీద కూర్చోబెట్టేవారు. నీళ్లు గ్లాసుతో కాకుండా చెంచాతో, గుక్కలు గుక్కలుగా తాగడం మేలు. మా పెరటి చెట్టు కొబ్బరినీళ్లు నాకు బాగా నిలిచాయి, అయితే మూత్రపిండాల జబ్బు ఉన్నవారు డాక్టరుగారిని అడిగిగాని తాగకూడదు. చద్దన్నం మాత్రం వద్దు. తెల్లకణాలు తగ్గే రోజులలో అది ప్రమాదం.

ఆమెకు చాలా ఇష్టమైన వంటను కీమో రోజుల్లో పెట్టకండి. నా మీద ప్రేమతో మా అత్తగారు మొదటి విడత నాడు పనసపొట్టు కూర వండారు. ఆ కూర మీద నా ప్రాణం అలా విరిగిపోయింది, మూడేళ్లయినా నోట పెట్టలేకపోతున్నాను.

జవాబు 3 (మందుల షాపు నడుపుతున్నాను, భీమవరం)

పైన నర్సుగారు చెప్పినవాటిలో ఓలాంజపీన్ గురించి నాలుగు మాటలు చేర్చాలి, ఎందుకంటే మా కౌంటరు దగ్గర చాలామంది దానిని తిరిగి ఇచ్చేస్తారు. పెట్టెలోని కాగితం చదివి, ఇది మానసిక రోగులకు ఇచ్చే మందని, తమవారికి పిచ్చి అనుకుని రాశారని నొచ్చుకుంటారు. ఆ జబ్బులకు వాడే మందే అయినా, కీమో వికారానికి దానిని నాలుగు రోజులపాటే వేస్తారు, ఇక్కడ అది చేసే పని వేరు. 2016లో ప్రచురితమైన ఒక అమెరికా పరిశోధనలో, మిగిలిన మూడు రకాల మందులకు దీనిని చేర్చినవారిలో మొదటి 24 గంటలు అసలు వికారమే లేనివారు నూటికి 74 మంది, చేర్చనివారిలో 45 మంది. దానివల్ల వచ్చే ఇబ్బంది మగత. ముంబైలోని టాటా మెమోరియల్ ఆసుపత్రివారు 10 మిల్లీగ్రాములకు బదులు 2.5 మిల్లీగ్రాములు ఇచ్చి చూసి, వాంతుల నివారణలో అది తీసిపోలేదని, మగత తక్కువగా ఉందని 2024లో ప్రచురించారు. మోతాదును డాక్టరుగారే నిర్ణయించాలి, కానీ మగత భయంతో మానేయాలనిపిస్తే మానకుండా మోతాదు గురించి అడగండి. ఆ రాత్రులు పెరట్లోని మరుగుదొడ్డికి ఆమెను ఒంటరిగా పంపకండి.

ఒండాన్‌సెట్రాన్‌తో మలబద్ధకం వస్తుంది. కడుపు బిగిస్తే వికారం మళ్లీ పెరుగుతుంది కనుక విరేచనం సాఫీగా అయ్యే మందు కూడా ముందే రాయించుకోండి. ఒక మాత్ర పనిచేయలేదని షాపులో మరొకటి అడిగి కలిపి వేయవద్దు. ఒండాన్‌సెట్రాన్, డోంపెరిడోన్ వంటివి కలిస్తే కొందరిలో గుండె లయ దెబ్బతింటుంది.

ప్రశ్న అడిగినవారు (రెండో విడత అయిన తరువాత)

ఆలస్యానికి క్షమించండి. నర్సుగారు అడిగినట్టే, అమ్మకు నా వేవిళ్లు ఏడో నెల వరకు ఉన్నాయట; ఆ సంగతి నాకే ఇప్పుడు తెలిసింది. మొదటి విడతలో ఏ రోజు ఎన్నిసార్లు వాంతి అయిందో ఒక కాగితం మీద రాసి తీసుకువెళ్లాను. డాక్టరుగారు ఆ కాగితం పూర్తిగా చదివి అప్రెపిటాంట్, ఓలాంజపీన్ చేర్చారు, ఒండాన్‌సెట్రాన్‌ను వాంతి వచ్చినా రాకపోయినా మూడు రోజులు వేళకు వేయమన్నారు. ఈసారి మూడో రోజు ఉదయం ఒక్కసారే వాంతి అయింది. వికారం ఉంది కానీ, పెరుగన్నం నిలిచింది. షుగరు రెండు రోజులు 260 దాకా వెళ్లి దిగింది. పగలంతా మగతగా ఉండటంతో ఓలాంజపీన్ మోతాదు తగ్గించవచ్చునేమో ఫోనులో అడిగాను, మూడో విడతకు సగం వేద్దామన్నారు. నిన్న సాయంత్రం అమ్మ అరుగు మీద కూర్చుని, మూడో విడత తేదీ ఏ వారం పడుతుందో తానే క్యాలెండరులో చూసుకున్నది.