ఆవిరి యంత్రం వచ్చాక కూడా యుద్ధనౌకలకు తెరచాపలు ఎందుకు? కొయ్య ఓడ యంత్రాన్ని ఎలా భరించింది?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఇంగ్లండ్‌లోని చాతమ్‌లో భద్రపరచిన గానెట్ అనే యుద్ధనౌకను ఈమధ్య చూసి వచ్చాను. 1878లో షీర్‌నెస్‌లో జలప్రవేశం చేసిన ఆ 170 అడుగుల ఓడ మీద తెరచాపల స్తంభాలు మూడు ఉన్నాయి, వాటి నడుమ పొగగొట్టమూ ఉంది. యంత్రం ఉండగా తెరచాపలను ఎందుకు వదులుకోలేదు? యంత్రపు అదురును కొయ్య ఎలా తట్టుకుంది? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

మొదటి సమాధానం:
తెరచాపలు నిలిచిపోవడానికి ముఖ్య కారణం బొగ్గు. అప్పటి యంత్రాలు బొగ్గును విపరీతంగా తినేవి, దూర సముద్రాలలో అది దొరికే రేవులు కొన్నే ఉండేవి. 1858లో జలప్రవేశం చేసిన చాలెంజర్ అనే కొయ్య యుద్ధనౌకనే చూడండి. ఫిరంగుల్లో ఎక్కువ భాగం తీసేసి ప్రయోగశాలగా మార్చిన ఆ ఓడ 1872 నుంచి 1876 దాకా సముద్రాలను పరిశోధిస్తూ సాగించిన దాదాపు 69,000 నాటికల్ మైళ్ల ప్రయాణంలో అధిక భాగం గాలి మీదే గడిచింది. లోతు కొలిచేటప్పుడు, అడుగుమట్టి తీసేటప్పుడు ఓడను ఒకేచోట నిలపడానికి యంత్రాన్ని వాడేవారు. తెరచాపల మీద పోతున్నప్పుడు నీటిలో వేలాడే ప్రొపెల్లర్ ఓడను వెనక్కి లాగుతుంది కాబట్టి, చాలా నౌకల్లో దాన్ని పైకి లాగే ఏర్పాటు ఉండేది. 1860 నాటి వారియర్ ఇనుప ఓడే అయినా, దాని ప్రొపెల్లర్‌ను పైకి లాగడానికి 600 మంది దాకా తాడు పట్టవలసి వచ్చేది.

రెండవ సమాధానం:
అదురు సంగతి నేను చెబుతాను, ఎందుకంటే అసలు కష్టమంతా అక్కడే ఉంది. ప్రొపెల్లర్‌ను తిప్పే ఇరుసు బయటికి రావాలంటే ఓడ వెనుక భాగంలో, నీటిమట్టానికి దిగువన, రంధ్రం చేయక తప్పదు. అందులో అమర్చిన ఇత్తడి బేరింగులు త్వరగా అరిగి, ఇరుసు వదులై అదురుతూ, నీరు లోపలికి వచ్చేది. 121 ఫిరంగుల రాయల్ ఆల్బర్ట్ 1855లో ఇలాగే వెనుక భాగంలో నీరు కారడం మొదలై, మునగకుండా ఉండేందుకు గ్రీసు దేశపు కియా దీవి ఒడ్డుకు ఎక్కించవలసి వచ్చింది. దీనికి జాన్ పెన్ అనే ఇంజనీరు చూపిన ఉపాయం నాకు ఎంతో ఇష్టం. నీటిలో వేస్తే మునిగిపోయేంత బరువైన లిగ్నమ్ వైటే కర్రను బద్దలుగా చెక్కి ఆయన బేరింగు లోపల పేర్చాడు. సందుల్లోకి వచ్చే సముద్రపు నీరే కందెనగా పనిచేసింది. లోహం అరిగిపోయిన చోట కర్ర నిలిచింది.

అయితే ఓడ పొడవు పెరిగే కొద్దీ కొయ్య చేతులెత్తేసింది. 330 అడుగులు దాటిన మెర్సీ, ఒర్లాండో నౌకలకు ఇనుప పట్టీలు బిగించినా, వాటి అతుకులు సడలుతూనే ఉండేవి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మరి అంతకు ఇరవై ఏళ్ల తరువాత కట్టిన గానెట్‌కు ఇనుప చట్రం వేసి, పైన టేకు పలకలే ఎందుకు బిగించారు?

రెండవ సమాధానం ఇచ్చినవారు:
నాచు, గుల్లలు పట్టకుండా ఓడ అడుగుకు రాగిరేకు తొడగడం కోసమే. ఇనుప ఓడ అడుగుకు రాగిని నేరుగా తాకిస్తే ఉప్పునీటిలో ఇనుము తినుకుపోతుంది, నడుమ టేకు ఉంటే ఆ బాధ లేదు. ఏళ్ల తరబడి వేడి సముద్రాలలో, మరమ్మతు రేవులకు దూరంగా కాపలా తిరగవలసిన చిన్న ఓడకు ఇంతకంటే మంచి కట్టుబడి ఆనాడు లేదు.