‘వెంట్రుకవాసిలో తప్పిన ముప్పు’: ఆ వెంట్రుక ఎవరిది?

గ్రహశకలం భూమికి దగ్గరగా వస్తోందన్న వార్త పడగానే ఈ గ్రూపులో ముందు జోకులు మొదలవుతాయి, ఆ వెనకాలే భాష తగువు. ఈసారి తగువుతోనే మొదలుపెడతాను. జోకులు ఎలాగూ మీరు ఆపరు.

శీర్షిక దాదాపు ఎప్పుడూ ఒకే అచ్చు. ముందు రోజు ‘భూమివైపు దూసుకొస్తున్న భారీ గ్రహశకలం’, మర్నాడు ‘వెంట్రుకవాసిలో తప్పిన ముప్పు’. నాలుగో పేరా దాకా ఓపిక పడితే అది పోయింది 50 లక్షల కిలోమీటర్ల దూరంనుంచి అని తేలుతుంది. చంద్రుడున్న దూరానికి పదమూడు రెట్లు. ఇది వెంట్రుకవాసి అయితే ఆ వెంట్రుక ఎవరి తలలోదో చూడాలని ఉంది నాకు.

‘రాశికన్నా వాసి ముఖ్యం’ అన్నప్పుడు వాసి అంటే నాణ్యం. వెంట్రుకవాసిలో మాత్రం తేడా, మేర. వెంట్రుక మందమంత తేడా. సరే, లెక్క కట్టి చూద్దాం. 2029 ఏప్రిల్ 13న అపోఫిస్ అనే గ్రహశకలం భూమికి సుమారు 32,000 కిలోమీటర్ల ఎత్తునుంచి పోతుంది. మన టీవీ ప్రసారాల ఉపగ్రహాలు దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి కాబట్టి ఇది వాటికన్నా లోపలినుంచే పోతుందన్నమాట. మూడు వందల మీటర్లు దాటిన బండ ఇంత దగ్గరికి రావడం నిజంగానే అరుదు. ఇప్పుడు ఈ 32,000 కిలోమీటర్లను ఒక వెంట్రుక మందం అనుకోండి. 12,742 కిలోమీటర్ల వ్యాసమున్న మన భూగోళం ఆ వెంట్రుకలో సగం కూడా రాదు! 50 లక్షల సంగతి ఇక మీరే కట్టుకోండి.

కాబట్టి ఈ వార్తలకు వెంట్రుకవాసి మానేసి ‘త్రుటి’ వాడదామంటాను. ఎందుకో తర్వాత చెప్తా. ముందు మీరు కానివ్వండి.

మెహదీపట్నం నుంచి ఒక తమ్ముడు:
అన్నా, వెంట్రుక సంగతి తర్వాత జూద్దాం. 2032ల పడుతదన్నప్పుడు నేను అప్పుడే ఇంటి లోను తీసుకున్న, ఇరవై ఏండ్లకు. అది పడుతదంటే ఈఎంఐ కట్టుడు దండుగ. కట్టుడు ఆపితే అది పడకున్నా బ్యాంకోడు మీద పడుతడు. నూటికి మూడు అంటే లైట్ తీస్కోవాల్నా, పరేషాన్ కావాల్నా?

కొత్తవాళ్లకోసం: తమ్ముడు అంటున్నది 2024 వైఆర్4 గురించి. 2024 డిసెంబర్ 27న చిలీలోని అట్లాస్ టెలిస్కోపుకు దొరికింది. 2032 డిసెంబర్ 22న భూమిని ఢీకొనే అవకాశం 2025 ఫిబ్రవరి 18 నాటికి 3.1 శాతం దాకా ఎక్కి, వారం తిరక్కుండానే దాదాపు సున్నాకు దిగింది. పడితే గిడితే ఎక్కడ అని గీసిన గీత పసిఫిక్‌లో మొదలై ఆఫ్రికా మీదుగా మన దేశం దాకా వచ్చింది. అందుకే ఆ నెల జోకులు అంత జోరుగా నడిచాయి.

తమ్ముడి మాటలో ‘పడు’ చేస్తున్న పని చూడండి. వాన పడుతుంది, పిడుగు పడుతుంది, అప్పులవాడు మీద పడతాడు, మనం తిప్పలు పడతాం. ‘ఒకటో తారీఖున ముందు ఏది పడుద్ది, జీతమా అదా?’ అని ఆ నెల ఇక్కడే ఎవరో అడిగారు. వేరే భాషలోకి ఈ జోకు తీసుకెళ్లడానికి ఎవరైనా ప్రయత్నించి చూడండి.

ఉప్పల్ నుంచి ఒక అక్క:
నూటికి మూడు చిన్న సంఖ్యా? మావాడికి ఐఐటీ సీటు వచ్చే అవకాశం అంతకన్నా తక్కువ. అయినా రెండేళ్ల ఫీజు కట్టేశాం.

సైదాబాద్ నుంచి ఒక విశ్రాంత తెలుగు పండితులు:
త్రుటి అనండి, సంతోషం. కాని దయచేసి ‘తృటి’ అని రాయకండి. తకారానికి రావత్తు, కొమ్ము. సంస్కృతంలో త్రుటి అంటే లేశం, కాలంలో అతి సూక్ష్మమైన తునక. పత్రికలవారు దానికి ఋత్వం తగిలించి మూడు తరాల పిల్లలకు అదే నేర్పారు.

కాచిగూడ నుంచి ఇంకొకరు:
మాస్టారూ, ఇక్కడో చిక్కుంది. హిందీలో త్రుటి అంటే పొరపాటు. ‘త్రుటిలో తప్పింది’ అని మా పక్కింటాయనకు చదివి వినిపిస్తే ‘గల్తీ కిస్‌కీ?’ అన్నాడు. ఆయన లెక్కన త్రుటీ తప్పే, తప్పూ తప్పే. హైదరాబాదులో ఏ మాటకైనా ఇంకో అర్థం పక్క వాటాలోనే ఉంటది.

పండితులవారి మాట ఖాయం చేసుకుందాం. తప్పు రాతతోనే అలవాటైపోయిన నాలాంటివాళ్లు వేలు అదుపులో పెట్టుకోవాలి. ఇక త్రుటి ఎందుకు మేలో చెప్తా. భూమి సూర్యుడి చుట్టూ సెకనుకు సుమారు 30 కిలోమీటర్ల వేగంతో పోతోంది. ఆ లెక్కన తన వ్యాసమంత దూరం జరగడానికి ఏడు నిమిషాలు. అంటే ఒక రాయి సరిగ్గా భూమి దారికే అడ్డంగా వచ్చినా, ఏడెనిమిది నిమిషాలు అటోఇటో అయితే భూమి అప్పటికి అక్కడినుంచి జారుకుని ఉంటుంది, లేదా ఇంకా చేరి ఉండదు. ఢీకొట్టాలంటే ఇద్దరూ ఒకే చోటికి ఒకే వేళకు రావాలి. అమీర్‌పేటలో కలుద్దామనుకున్న ఇద్దరు మిత్రులకు అది ఏనాడైనా సాధ్యపడిందా? ఇది దూరం లెక్కకన్నా వేళ లెక్క. అందుకే వెంట్రుకను వదిలి కాలాన్ని కొలిచే మాట పట్టుకుందామన్నాను.

గ్రహశకలాన్ని ఢీకొట్టి దాని దారి మార్చగలమా అని చూసిన డార్ట్ ప్రయోగంలో నమ్ముకున్నదీ ఇదే. 2022 సెప్టెంబర్ 26న నాసా ఒక నౌకను డైమార్ఫస్ అనే చిన్న శకలానికి ఢీకొట్టించింది. అది బద్దలైపోలేదు. తన జంట శకలం చుట్టూ తిరగడానికి 11 గంటల 55 నిమిషాలు తీసుకునేది, ఆ దెబ్బతో అరగంట పైగా తగ్గింది. రాయిని పిండి చేయక్కర్లేదు, దాని టైము చెడగొడితే చాలు.

బోడుప్పల్ నుంచి ఒక మేడమ్:
‘కూతవేటు దూరం’ కుదరదా అండీ?

కుదరదండీ. అక్కడ గాలి లేదు, ఎంత అరిచినా కూత పోదు.

అయితే వెంట్రుకవాసి అని రాయడానికి నిజంగా అర్హత ఉన్న సందర్భం ఒకటుంది. 2020 నవంబర్ 13న 2020 వీటీ4 అనే చిన్న రాయి పసిఫిక్ మీదుగా సుమారు 370 కిలోమీటర్ల ఎత్తునుంచి పోయింది. ఇక్కడ బస్సెక్కితే విజయవాడ మీదుగా ఏలూరు దాటేంత దూరం, అంతే. అంతరిక్ష కేంద్రం తిరిగే ఎత్తుకన్నా కిందే. పట్టుమని పది మీటర్లుండే రాయి కాబట్టి కిందికి వచ్చినా గాలిలోనే చాలావరకు మండిపోయేది. అసలు తమాషా ఏమిటంటే అది పోయిన పదిహేను గంటల తర్వాత గాని టెలిస్కోపులకు కనబడలేదు. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయన్న సామెతను ఖగోళశాస్త్రానికి వాడుకోవచ్చని ఆ రోజే తెలిసింది. ‘వెంట్రుకవాసి’ అని ఘోషించాల్సిన ఆ రోజున మన శీర్షికలవాళ్లు ఎక్కడున్నారో మరి.

కూకట్‌పల్లి నుంచి ఒకరు:
దూసుకొస్తున్న అన్న మాట మీద మీ అభిప్రాయం? మా ఇంట్లో మునగాకు దూస్తారు, పాత కథల్లో కత్తి దూస్తారు. రాయి ఏం దూస్తుంది?

వాడుకలో ‘దూసుకుపోవడం’ అడ్డం చీల్చుకుని పోవడమే కాబట్టి తప్పు పట్టలేను. నాకు నచ్చనిది ఆ మాటలోని పగ. గ్రహశకలానికి మనమీద కోపమేమీ లేదు, దాని దారిన అది పోతోంది. మన జోకులు మాత్రం దాన్ని శత్రువుగా చూడవు, చుట్టంగా చూస్తాయి. ఇందులో జనం పత్రికలకన్నా నయం. 2024 పీటీ5 గుర్తుందా? సుమారు పది మీటర్ల రాయి, భూమికి ‘చిన్న చందమామ’ అన్నారు. సెప్టెంబర్ 29న వచ్చి నవంబర్ 25న సెలవు తీసుకుంది. సద్దుల బతుకమ్మ, దసరా, దీపావళి అన్నీ చూసుకుని, కార్తీక పౌర్ణమి కూడా దాటాక బయల్దేరిన చుట్టం. ‘అల్లుడు కూడా ఇన్నాళ్లుండడు’ అని మా అత్తయ్య వాట్సాప్‌లో పెట్టింది. అది ‘అర్జున’ అనే వర్గానికి చెందిన శకలమని తెలిశాక ‘అయితే తీర్థయాత్రకు వచ్చాడన్నమాట, పెళ్లి చేసుకోకుండానే పోయాడా?’ అని ఇంకో మెసేజ్. భారతం చదివినవాళ్ల జోకు ఇలా ఉంటుంది.

నాగోలు నుంచి ఒక అన్న:
ఎందుకు గింత రంది? మా గల్లీల పడితే ఎవనికీ ఎర్కనే కాదు. పైపులైనోళ్లు తవ్వి పోయిన గుంత అనుకుంటరు. రెండు వానలు పడ్డంక చెరువైతది, ఎనక ఎఫ్‌టీఎల్ అని, చెరువు నిండితే నీళ్లొచ్చే హద్దు యాడిదాకనో గీస్తరు, దాంట్ల మా ఇల్లే వస్తది.

నవ్వకండి, చెరువు మాట ఉత్తిది కాదు. మహారాష్ట్రలో లోణార్ సరస్సు ఉంది చూశారా, అచ్చంగా అలా పుట్టిందే. దక్కన్ నల్లరాతి మీద ఉల్క పడి, దాదాపు 1.8 కిలోమీటర్ల వెడల్పున గుంత చేసి, అందులో నీళ్లు చేరాయి.

పండితులవారు మళ్లీ:
ఉల్క అన్న మాటకు మొదటి అర్థం కొరివి అని ఎందరికి తెలుసు?

మాస్టారూ, అయితే ‘కొరివితో తల గోక్కోవడం’ ఉల్కలకు ముందే రాసిపెట్టిన సామెతన్నమాట. తలకు కాదుగాని తుంటికి తగిలిన సంగతి ఒకటి రికార్డులో ఉంది. 1954 నవంబర్ 30న అమెరికాలోని అలబామాలో ఒకావిడ సోఫాలో నిద్రపోతుంటే, దాదాపు నాలుగు కిలోల ఉల్కాశిల ఇంటికప్పు చీల్చుకుని, రేడియోకు తగిలి ఎగిరి ఆవిడమీద పడింది. ఒళ్లు కమిలింది, ప్రాణానికి ఏమీ కాలేదు. మామూలుగా రాత్రిపూట మనం చూసే రాలుచుక్క మాత్రం చాలాసార్లు ఇసుక రేణువంతే ఉంటుంది. ‘ఇసుమంత’ అని ఊరికే అంటుంటాం. ఇసుము అంటే ఇసుకే కదా, ఆ మాట అక్షరాలా సరిపోయేది ఉల్కలకే. ఒకప్పుడు చుక్క రాలితే ఎవరో పోయారనేవాళ్లు. ఇప్పుడు పిల్లలు కళ్లు మూసుకుని కోరికలు కోరుకుంటున్నారు. ఆ ఇసుక రేణువుకు ఇన్ని బాధ్యతలా అనిపిస్తుంది నాకు.

తార్నాక నుంచి ఒక విద్యార్థిని:
2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్స్క్ మీద పేలింది కదా, అదే రోజు ఇంకో గ్రహశకలం కూడా దగ్గర్నుంచి పోయిందట. రెండూ ఒకే గుంపువా సార్?

కాదమ్మా. అది అసలైన కాకతాళీయం. కాకి వాలడం, తాటిపండు పడటం. ఆ రోజు 27,700 కిలోమీటర్ల ఎత్తున పోవాల్సిన 2012 డీఏ14 కోసం అందరూ ఎదురుచూస్తుంటే, దానికి ఏ సంబంధమూ లేని సుమారు 20 మీటర్ల రాయి సూర్యుడున్న వైపునుంచి చెప్పాపెట్టకుండా వచ్చింది. దెబ్బలు తగిలినవాళ్లు దాదాపు 1,500 మంది. ఎక్కువమందికి తగిలింది రాయి కాదు, కిటికీ అద్దాలు. మెరుపు చూసి ఏమిటా అని కిటికీల దగ్గరికి చేరారు, పేలుడు అల ఆ తర్వాత వచ్చింది. కాబట్టి ఆకాశంలో పెద్ద వెలుగు కనబడితే సెల్ఫోన్ పట్టుకుని బాల్కనీలోకి పరిగెత్తకండి. ఇది జోకు కాదు.

బేగంపేట నుంచి ఒకరు:
మా పేట గొప్ప కూడా ఒకటి రాసుకోండి. ఇక్కడి నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసినాయన కొడుకే వైను బప్పు. నిజాం కాలేజీలో చదివి, హార్వర్డ్ వెళ్లి, 1949లో ఒక తోకచుక్కను కనిపెట్టిండు. దానికి బప్పు-బాక్-న్యూకిర్క్ అని పేరు. 2596వ గ్రహశకలానికి ఆయన పేరే పెట్టిండ్రు. మనూరోడి పేరున్నది మన మీద పడదు, గ్యారంటీ.

ఆ గ్యారంటీ నేనూ ఇస్తాను. అది అంగారకుడికీ గురుడికీ మధ్యనే తిరుగుతుంది, ఇటు తొంగి చూడదు.

మల్కాజిగిరి నుంచి ఒక పెద్దావిడ:
బాబూ, ఆ అపోఫిస్ వచ్చే రోజు ఏ వారం?

అమ్మా, మీరు అడుగుతారనే భయపడ్డాను. శుక్రవారం. పైగా అమావాస్య రాత్రి. మరీ దగ్గరికి వచ్చేది మన గడియారంలో తెల్లవారుజామున మూడుంబావు ప్రాంతంలో. ఇంగ్లీషు లెక్కన 14వ తేదీ శనివారం వచ్చేస్తుంది గాని, మన లెక్కన పొద్దు పొడిచేదాకా శుక్రవారమే. ఈ ఒక్క ముక్కతో యూట్యూబ్‌లో ఎన్ని వీడియోలు పుడతాయో ఊహించుకోండి. కనీసం వందేళ్లపాటు దానివల్ల ముప్పు లేదని నాసా 2021లోనే తేల్చింది. ఐరోపా, ఆఫ్రికా, పశ్చిమాసియా వాళ్లు మామూలు కళ్లతోనే చూడొచ్చంటున్నారు.

పెద్దావిడ:
ముప్పు లేకపోతే సరే. ఎందుకైనా మంచిది, గుమ్మానికి గుమ్మడికాయ కడతా.

ఒక దినపత్రికలో సబ్ ఎడిటర్‌గా చేస్తున్న సభ్యుడు:
ఇంత చర్చ చేశారు, నాకు పనికొచ్చేది ఒక్కటి చెప్పండి సార్. రేపు ఇంకో రాయి 50 లక్షల కిలోమీటర్ల దూరంలో పోతుంది. మీరైతే శీర్షిక ఏం పెడతారు?

‘చంద్రుడికి చాలా అవతలినుంచి పోనున్న గ్రహశకలం’.

సబ్ ఎడిటర్:
దాన్ని ఎవరు నొక్కుతారండీ?