ప్రార్థన చేస్తానని మాటిచ్చి మర్చిపోయాను, ఇప్పుడు ఆమెకేం చెప్పాలి?

ఆవగింజ (తిరుపతి):

అందరికీ వందనాలు. ఇన్నాళ్ళూ ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదలు. రెండ్రోజులుగా సరిగ్గా నిద్ర పట్టట్లేదు, అందుకే రాస్తున్నా.

కొర్లగుంటలో మా వీధి చివర ఒక అక్క పూలమ్ముతుంది. మా సంఘంలో ఆడవాళ్ళం పూలు పెట్టుకోం కాబట్టి ఆమె దగ్గర నేనెప్పుడూ ఏమీ కొనలేదు, అయినా నేను ఆఫీసుకు పోతుంటే రోజూ "తిన్నావామ్మా" అని పలకరిస్తుంది. పోయిన నెల ఆమె కొడుకు బైకు మీద నుంచి పడి కాలు విరిగింది. ముందు పుత్తూరు కట్టుకు తీసుకెళ్దామనుకున్నారట, ఎముక బయటికి కనిపిస్తుంటే భయపడి పెద్దాసుపత్రిలో చేర్చారు. ఆపరేషన్‌కు ముందురోజు నా చెయ్యి పట్టుకుని, "కొండమీద సామికి మొక్కుకున్నా, మీ ఏసయ్యకు నువ్వు చెప్పమ్మా" అంది. తప్పకుండా చేస్తానక్కా అన్నాను. ఇంతలో బస్సొచ్చింది, ఎక్కాను, మర్చిపోయాను. ఆ రాత్రి చేయలేదు, ఆ వారమంతా చేయలేదు.

మొన్న శనివారం ఆమె మళ్ళీ బుట్ట పెట్టుకుని కూర్చుంది. నన్ను చూడగానే లేచొచ్చి, "నీ ప్రార్థన వల్లేనమ్మా, కాల్లో రాడ్ వేశారు, పట్టుకుంటే లేచి నిలబడతా ఉండాడు" అని రెండు మూరల కనకాంబరాలు చేతిలో పెట్టింది. "నువ్వు పెట్టుకోవని తెలుసులే, మీ సామికి పెట్టు." డబ్బులిస్తే తీసుకోలేదు. ఆ మాల ఫ్రిజ్ మీద గిన్నెలో ఉంది, అంచులు ఎండిపోతున్నాయి, పారేయడానికి చేతులు రావట్లేదు.

ఉపవాస కూటాల్లో గంటసేపు కన్నీళ్ళతో ప్రార్థన చేస్తాను. రోడ్డు మీద ఒక తల్లి అడిగింది మాత్రం బస్సెక్కేలోపే పోయింది. ఆమెకు నిజం చెప్పేయాలా? చెబితే ఆమె నమ్మకం ఏమవుతుంది?

పాత సైకిల్ (బైరాగిపట్టెడ):

సిస్టర్, ఇది నాకూ జరిగింది, ఒకసారి కాదు. "ప్రార్థనలో జ్ఞాపకం చేసుకుంటా" అనేది ఫోన్ పెట్టేసే ముందు అలవాటుగా అనే మాట అయిపోయింది మనకు. అందుకే నేను "చేస్తాను" అనడం మానేశాను, అడిగిన చోటే నిలబడి చేసేస్తా, ఒక్క వాక్యం చాలు. ఇంకో సంగతి. కొడుకు మంచం మీదుంటే ఆ ఇంట్లో ఇప్పుడు సంపాదన ఎవరిది? ఆసుపత్రిలో ఉన్నన్ని రోజులూ ఆమెకు బేరాల్లేవు కదా. బైబిల్లో యాకోబు పత్రిక రెండో అధ్యాయంలో అడిగింది ఇదే, బట్టలు లేనివాణ్ణి, తిండి లేనివాణ్ణి పట్టుకుని వెచ్చగా ఉండు, కడుపు నిండా తిను అని ఉత్త మాట చెప్పి పంపితే ఏం లాభం అని. ముందు ఒక పది కేజీల బియ్యం, కాస్త పప్పు తీసుకెళ్ళండి.

చిత్తూరు అక్క:

బియ్యం మంచి మాటే తమ్ముడూ, కానీ ప్రార్థనను తక్కువ చేయొద్దు. నిరుడు మా అత్తను వెల్లూరు సీఎంసీలో చేర్పించి పదకొండు రోజులున్నాం. పక్క మంచం పేషెంటుతో వచ్చినామె బెంగాలీ, చేతులకు తెల్ల శంఖు గాజులు. ఆమె భాష నాకు రాదు, నా భాష ఆమెకు రాదు. రోజూ తెల్లవారగానే మా అత్త వైపు చూపించి ఎలా ఉందని సైగ చేసేది, తర్వాత డబ్బా మూత తీసి నా దోసిట్లో గుప్పెడు బొరుగులు పోసేది. మా బంధువులు ఫోన్ చేయడం మర్చిపోయిన రోజు కూడా ఆమె అడగడం మర్చిపోలేదు. చెల్లీ, నీ బాధ కూడా అందుకే అనుకుంటా. ఒక మనిషిని మనసులో మోస్తానని చెప్పి దించేశావు. మళ్ళీ ఎత్తుకో, అంతే.

ఆ ఆసుపత్రి పెట్టిన ఐడా స్కడర్ గారి సంగతి తెలిసే ఉంటుంది. తిండివనంలో ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్ళు వేర్వేరుగా వచ్చి, కాన్పు కష్టమై ఉన్న తమ భార్యల కోసం రమ్మన్నారు. ఆమె అప్పటికి డాక్టరు కాదు, డాక్టరైన తండ్రిని పంపుతానంటే పరాయి మగవాడు వద్దన్నారు. ముగ్గురు తల్లులూ చనిపోయారు. ఆ రాత్రి ఆమె చేయగలిగింది ఏమీ లేదు, కానీ దాన్ని వదిలేయలేదు. అమెరికా వెళ్ళి వైద్యం చదివి 1900లో తిరిగొచ్చి వెల్లూరులో ఒక్క మంచంతో మొదలుపెట్టారు. నీది వారం ఆలస్యమేనమ్మా.

రిటైర్డ్ టీచర్ (పుత్తూరు):

అమ్మా, నిజం చెప్పండి. అయితే మీ గుండె బరువు దిగడం కోసం చెప్పొద్దు, ఆమె మిమ్మల్ని నమ్మింది కాబట్టి చెప్పండి. ఇంకొక మాట, కాస్త గట్టిగానే అంటున్నాను, బియ్యం పట్టుకెళ్ళినప్పుడు ఆదివారం మందిరానికి రమ్మని అడగకండి. కష్టంలో ఉన్నవాళ్ళకు కాదనే ధైర్యం ఉండదు, అప్పుడు ఆ బియ్యం సంచి ఎర అయిపోతుంది. యేసు చెప్పిన కథలో మంచి సమరయుడు, దొంగలు కొట్టి దారిలో పడేసినవాడి గాయాలు కట్టాడు, సత్రంలో చేర్చాడు, రెండు దేనారాలిచ్చాడు, అంటే ఆ రోజుల్లో రెండు రోజుల కూలి. ఇంకా ఖర్చయితే తిరిగొచ్చేటప్పుడు ఇస్తానన్నాడు. ఆ పడి ఉన్నవాడు ఎవరు, ఏం నమ్ముతాడు అని అడిగినట్టు ఆ కథ రాసిన లూకా తన సువార్తలో ఎక్కడా రాయలేదు.

ఆవగింజ:

అందరికీ చాలా థాంక్స్. ఈరోజు పొద్దున వెళ్ళాను. అక్కా, ఆ రోజు నేను ప్రార్థన చేయలేదు, మర్చిపోయాను, నన్ను క్షమించు అన్నాను. నా గొంతు వణికింది. ఆమె దారం పళ్ళతో తెంపి నా వైపు చూసి, "అయితే ఇప్పుడు చెయ్యి, వాడింకా నడవలా" అంది.

బుట్ట పక్కనే నిలబడి చేశాను. మధ్యలో ఎవరో మల్లెపూలు మూర ఎంత అని అడిగితే "రెండు నిమిషాలు ఉండు" అని ఆపింది. బియ్యం సాయంత్రం ఇంటికి తీసుకెళ్ళి ఇస్తాను. ఆ అబ్బాయికి చంక కర్రలు కావాలట, కొనడానికి ఇప్పుడు చేతిలో డబ్బుల్లేవంది. తిరుపతిలో ఎవరింట్లోనైనా వాడి పక్కన పెట్టినవి ఉంటే చెప్పండి, నేనే వచ్చి తీసుకుంటాను. మనిషి ఐదున్నర అడుగులు ఉంటాడు.