ఈ వారం సమస్య: కోడి తరుమ కుక్క గోడ దూకె

నిర్వాహకుడు, నల్లగొండ:
మిత్రులారా, ఈసారి ఆటవెలది. చివరి పాదం ఇస్తున్నాను, పై మూడూ మీవి.

కోడి తరుమ కుక్క గోడ దూకె

కోడి, తరుమ, కుక్క, గోడ, దూకె: అయిదూ సూర్యగణాలే, అంటే గురులఘువుల చిన్న గుంపులు. కో–గో యతి కుదిరింది. కొత్తవాళ్లకు ఒక్క మాట: ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాల మీద రెండు ఇంద్రగణాలు, రెండు, నాలుగు పాదాల్లో అయిదూ సూర్యగణాలు. నాలుగో గణం మొదటి అక్షరం పాదం మొదటి అక్షరంతో పొసగాలి, అదే యతి. ప్రాస నియమం లేదు. నా వైపు నుంచి ఒక షరతు: ఆ కోడి, ఆ కుక్క మీరు చూసినవై ఉండాలి.

దేవరకొండ సార్:
ఇదేం సమస్య అండీ? సమస్య అంటే వినగానే ‘ఇదెట్లా?’ అనిపించాలి. తెనాలి రామకృష్ణుడి పేర చెప్పుకునే ‘కుంజరయూథంబు దోమ కుత్తుక జొచ్చెన్’ ఉంది చూడండి, అదీ సమస్య. కోడి కుక్కను తరమడం మా దొడ్లో రోజూ జరిగేదే. దీనికి పద్యం ఎందుకు, పంచనామా రాస్తే చాలు.

నిర్వాహకుడు:
అందుకే ఇచ్చాను సార్. ఏనుగుల మంద దోమ గొంతులో దూరాలంటే కవి తెలివి కావాలి. దీనికి కళ్లు కావాలి. అన్ని కోళ్లూ తరమవు, అన్ని కుక్కలూ దూకవు. మీ దొడ్లో తరిమే కోడి ఏది, దూకే కుక్క ఏది, ఆ సమయానికి బర్రె ఏం చేస్తోంది, అది చెప్పండి. పంచనామాలోనూ సాక్షుల వివరాలు రాయాలి కదా.

కల్వకుర్తి అక్కయ్య:
నా పూరణ.

ఇరువదొక్క దినము లింటిమూలన నుండి
పిల్లలేడు వెంట బిలబిలమన
మూతి నాకుకొనుచు ముందుకు వచ్చిన
కోడి తరుమ కుక్క గోడ దూకె.

మా ఇంట్లో రెండు పెట్టలు. తెల్లది పొదుగుతుందని గుడ్ల మీద కూర్చోబెడితే మూడో రోజే లేచి పెంట మీద తిరుగుతుంటుంది, గుడ్లు చల్లబడిపోతాయి. నల్లది అట్లా కాదు. రోజుకోసారి లేస్తుంది, నాలుగు గింజలు గబగబా మింగుతుంది, నీళ్లు తాగుతుంది, బూడిదలో ఒళ్లు దులుపుకుంటుంది, మళ్లీ గంపలోకి. ఆ కాసేపట్లో ఎదురొచ్చిన వాళ్లను నన్నయినా సరే పొడుస్తుంది. ఈ పద్యం నల్లదానిది. తెల్లదాని మీద రాయాలంటే సమస్య తిరగెయ్యాలి.

నిర్వాహకుడు:
అక్కా, ‘లింటిమూలన’ దగ్గర (దినములు + ఇంటి) ఇ–ఇ స్వరయతి చక్కగా పడింది. ‘మూలన నుండి’ అంటే మూల నుంచి వచ్చిందనీ తీసుకోవచ్చు, మూలలో ఉండి ఉండీ అనీ తీసుకోవచ్చు. రెండో అర్థంలోనే ఆ తల్లి కోపం అంతా ఉంది. ‘బిలబిలమన’ చదువుతుంటే పిల్లలు కాళ్లకు అడ్డం పడుతున్నాయి. ఒకటే లోటు: మూడో పాదంలో వచ్చింది ఎవరో నాలుగో పాదం సగం దాకా తెలియదు. కొందరు ‘ముందుకు వచ్చిన కోడి’ అని చదివేస్తారు. అప్పుడు మూతి నాకింది కోడి అవుతుంది.

రిటైర్డ్ పశువైద్యుడు, మహబూబ్‌నగర్:
కోడికి మూతి ఎక్కడిది, ముక్కు కదా. ఆ మాటతోనే కుక్క అని తేలిపోతుంది. నాకు ఇబ్బంది అనిపించలేదు. అక్కయ్య చెప్పిన తెల్లపెట్ట, నల్లపెట్ట తేడా నేను సర్వీసులో ఎన్నో ఇళ్లలో చూశాను. కోళ్ల గుంపులో ఎవరు ఎవరిని పొడవొచ్చో ఒక వరుస ఉంటుంది. నార్వే శాస్త్రవేత్త ష్యెల్డెరప్ ఎబ్బె ఈ సంగతిని 1921లో శాస్త్రంగా రాశాడు. మన అమ్మమ్మలు గింజలు చల్లేటప్పుడే కనిపెట్టేశారు, కాకపోతే రాయలేదు. పిల్లలు వెంట ఉన్నంత కాలం తల్లికోడి ధోరణే వేరు. ఈకలు నిక్కబొడుచుకొని, రెక్కలు నేలకు దించి, ఉన్నదానికి రెండింతలుగా కనిపిస్తుంది. కుక్క చూసేది ఆ సైజునే.

దేవరకొండ సార్:
సరే, దిగక తప్పదు కాబట్టి దిగుతున్నాను. నేను సమస్యను విరిచాను.

జొన్న కంకి మేయ జూచుచు మెల్లగా
గడ్డమున్న దొంగ గట్టు నెక్క
కాంచి కూత పెట్టె గంపలోపల నున్న
కోడి; తరుమ కుక్క, గోడ దూకె.

మిర్యాలగూడ తమ్ముడు:
సార్, గోడ దూకింది ఎవరు?

దేవరకొండ సార్:
గడ్డం ఎవరికుందో వాళ్లే, నాయనా.

నిర్వాహకుడు:
ఇది పాత అవధానుల పద్ధతి. ‘కోడి’ దగ్గర ఆపేసరికి కూత కోడిది, తరమడం కుక్కది, దూకడం మేకది అయింది. మేక అన్న మాట పద్యంలో ఎక్కడా లేదు, అయినా కళ్ల ముందు నిలబడింది. ‘గంపలోపల నున్న కోడి’కి చేను కనిపిస్తుందా అని అడుగుదామనుకున్నాను. వెదురు గంప సందుల్లోంచి కోడి చూడనిది ఏముంది అని నేనే సర్దుకున్నాను. సార్ మీద ఫిర్యాదు ఒకటుంది. ఇందులో కోడి, కుక్క రెండూ డ్యూటీ చేశాయి, అంతే. వాటి గుణం కనిపించలేదు. గుణం ఉన్నదల్లా దొంగకే.

పశువైద్యుడు:
దొంగ గుణం మాత్రం పక్కా. గొర్రె తల వంచి నేల మీది గడ్డి కొరుకుతుంది. మేక ముందరికాళ్లు ఎత్తి అందనిది అందుకుంటుంది. ‘గట్టు నెక్క’ అన్నది మేకకే చెల్లుతుంది. గొర్రె అయితే దొంగ ఒకటి కాదు, ముందుది దూకితే మంద మొత్తం దూకుతుంది. అప్పుడు ఆటవెలది సరిపోదు, సీసం కావాలి.

మిర్యాలగూడ తమ్ముడు:
నేను కొత్త. తప్పులుంటే మన్నించండి. మా కుక్క పేరు టైగర్.

పేరు టైగరంట పెట్టిన దెవ్వరో
పిల్లి జూచి కూడ పరుగు తీయు
గింజ లేరుకొనుచు గిర్రున దిరిగిన
కోడి తరుమ కుక్క గోడ దూకె.

గద్వాల పెద్దాయన:
రెండో పాదం యతి తప్పింది బాబూ. పి–ప హల్లు కలిసినా అచ్చు కలవలేదు. ఇకారానికి ఇ ఈ ఎ ఏ కావాలి, నువ్వు అకారం వేశావు. మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారు తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో గోలకొండ కవుల సంచికలో 354 మంది కవుల్ని నిలబెట్టి చూపించారు. ఆ నేల మీద నిలబడి యతి తప్పితే ఎట్లా?

కల్వకుర్తి అక్కయ్య:
పెద్దాయనా, పిల్లవాణ్ణి టెన్షన్ పెట్టకండి. తమ్ముడూ, ‘పరుగు తీయు’ తీసేసి ‘బిక్కచచ్చు’ అను. ‘పిల్లి జూచి కూడ బిక్కచచ్చు’. పి–బి యతి కుదురుతుంది, గణాలూ చెడవు. పైగా ముందే పరుగెత్తిస్తే చివర దూకడానికి ఏం మిగులుతుంది? రెండో పాదంలో నిలబడి వణకాలి, నాలుగో పాదంలో దూకాలి.

నిర్వాహకుడు:
అక్క దిద్దుబాటుకు నా ఓటు. తమ్ముడూ, మొదటి పాదం ఒక్క అక్షరం మార్చకు. ‘పెట్టిన దెవ్వరో’ అన్నచోట కుక్క మీద జాలి, పేరు పెట్టినవాళ్ల మీద చిరాకు రెండూ ఉన్నాయి. టైగర్ లాంటి మాట పద్యంలో ఇమడదని కొందరంటారు. మన ఊళ్లలో కుక్కను శునకమా అని ఎవరు పిలుస్తారు? మూడో పాదం కూడా బాగుంది. గింజల మీద ధ్యాస ఉన్న కోడి ఒక్కసారిగా తిరగడం, ఆ తిరగడానికే వీడు గోడెక్కడం! తరమాల్సిన పని కూడా పడలేదు దానికి.

గద్వాల పెద్దాయన:
నాది కాస్త వేరే దారి.

కుక్కుటధ్వజుండు కోపించి శివు నింట
భైరవుండు నవ్వ బంటు నంప
వాహనంబులకును వాదులు పెరుగగ
కోడి తరుమ కుక్క గోడ దూకె.

నిర్వాహకుడు:
పండితుల ఊరు, విద్వద్గద్వాల అనిపించారు! భై–బం యతి చూసి కొత్తవాళ్లు కంగారు పడకండి, ఐకారం అకారంతో చెల్లుతుంది. నడక గంభీరంగా ఉంది. చిక్కు మూడో పాదంలో ఉంది. కుక్క భైరవుడి వాహనమే, ఒప్పుకుంటాను. కుమారస్వామి వాహనం నెమలి. కోడి ఉన్నది ఆయన జెండా మీద. మీరే మొదటి పాదంలో ‘ధ్వజుండు’ అన్నారు. మరి జెండా మీది బొమ్మ వాహనం ఎప్పుడయింది?

గద్వాల పెద్దాయన:
కోపం వచ్చినప్పుడు జెండా కూడా దిగి వస్తుందని సమన్వయం చెప్పుకోవచ్చు.

దేవరకొండ సార్:
చెప్పుకోవచ్చు. అయితే ఈ పద్యానికి పెండ వాసన లేదు పెద్దాయనా. షరతు మీద ఓడిపోయారు.

జడ్చర్ల నుంచి ఒక రైతు:
మా కొట్టం ముందు మొన్న జరిగింది జరిగినట్టు రాశాను.

బర్రె నెమరువేసె, పట్టించుకోదాయె
ఎద్దు చెవులు కదిపె నించుకంత
మేక గోడ మీద మెడ సాచి చూడగా
కోడి తరుమ కుక్క గోడ దూకె.

కల్వకుర్తి అక్కయ్య:
అబ్బ! ఇల్లంతా వచ్చేసింది.

అచ్చంపేట సభ్యుడు:
పద్యం బాగుంది గానీ ఎద్దు దగ్గర నాకు అభ్యంతరం. మా అమ్రాబాద్ వైపు పొడ తూర్పు ఎద్దయితే చెవులు కదిపి ఊరుకోదు, కుక్క అరుపుకే తలుగు తెంపుకుంటుంది. తెల్లని ఒంటి మీద గోధుమరంగు పొడలు, నల్లమలలో మేసి పెరిగిన పశువు. దానికి ఇంత నిదానం ఎక్కడిది?

జడ్చర్ల రైతు:
అది పొడ ఎద్దు కాదన్నా. మా దాపటి ఎద్దు, ముసలిది. వలపటిది అయితే మీరన్నట్టే గొలుసు ఊడబెరికేది, ఆ రోజు అది చెలక మీద ఉంది. బర్రె సంగతి మాత్రం వదిలిపెట్టకండి. కోడీ కుక్కా కొట్టుకుచస్తున్నా పట్టించుకోని ఆ బర్రె, కొత్త మనిషి సర్వ పట్టుకొని కూర్చుంటే ఒక్క చుక్క చేపదు. మా అమ్మ ఊరికి పోతే మా నాన్న ఆమె పాత చీర భుజాన వేసుకొని పిండేవాడు. అప్పుడు కూడా ముందు వాసన చూసి, ఒక పెద్ద నిట్టూర్పు విడిచి, సరే పో అన్నట్టు ఇచ్చేది.

పశువైద్యుడు:
ఆ నిట్టూర్పు నేనూ విన్నాను. బెదిరిన పశువు పాలు బిగబడుతుంది. పొదుగు నిండా ఉన్నా దించదు. నెమరు కూడా అంతే, భయపడితే ఆగిపోతుంది. కాబట్టి ‘నెమరువేసె’ అన్న ఒక్క మాటతో ఈ తగాదాకు బర్రె ఇచ్చిన విలువ తెలిసిపోతోంది. ‘పట్టించుకోదాయె’ అని మళ్లీ చెప్పకపోయినా నష్టం లేదు.

నిర్వాహకుడు:
చెప్పకపోతే ఇంద్రగణాలు రెండు ఎక్కడి నుంచి తెస్తాం సార్! అదీ కాక ‘ఆయె’లో ఇంటివాళ్ల చిరాకు వినిపిస్తోంది, ఉండనివ్వండి. నా పేచీ మూడో పాదంతో. మేక గోడ మీదే ఉంది, కుక్క ఆ గోడే దూకింది. అయితే మేక ఏమైంది? ఇద్దరూ గుద్దుకున్నారా? గోడ అన్న మాట వెంటవెంటనే రెండుసార్లు రావడం కూడా చెవికి బాలేదు. ‘మేక బండ మీద మెడ సాచి చూడగా’ అంటే తీరిపోతుంది. మన జిల్లాల్లో దొడ్డి పక్కన బండ లేని ఇల్లు ఉందా, బండ కనబడితే ఎక్కని మేక ఉందా?

జడ్చర్ల రైతు:
నిజానికి అది గోడ మీదే ఉండె. సరే, పద్యం కోసం బండ ఎక్కిస్తా.

అచ్చంపేట సభ్యుడు:
అందరూ కుక్కను పిరికిదాన్ని చేశారు. మా కుక్క తరఫున వకాల్తా:

అడవిపంది నైన నడ్డగించిన దాయె
ఇంటిదాని ముందు నెగిరిపడదు
బెదిరినట్లు చేసి పెద్దమనసుతోడ
కోడి తరుమ కుక్క గోడ దూకె.

పల్లిచేను కాపలాకు రాత్రిళ్లు నా వెంట వచ్చే కుక్క ఇది. పందుల గుంపుకు ఎదురు పోయి, తొడ చీరుకుపోయినా మొరుగుడు ఆపలేదు. అదే కుక్క ఇంటికొచ్చి ముంగిట్లో పడుకుంటే కోడిపిల్లలు దాని తోక మీద ఎక్కి దిగుతుంటాయి. తల్లికోడి వచ్చి ముక్కు మీద పొడుస్తుంది. నోరు తెరిస్తే కోడి ఉండదని దానికీ తెలుసు. తల పక్కకు తిప్పుకొని, లేచి, చిన్నగా గోడ దూకి అవతల పడుకుంటుంది.

దేవరకొండ సార్:
‘ఇంటిదాని ముందు’! అన్నా, ఇది కుక్క కథేనా?

అచ్చంపేట సభ్యుడు:
కుక్క కథే సార్. మా ఇంటిది కూడా ఈ గ్రూపులో ఉంది.

నిర్వాహకుడు:
ముగిస్తాను. తమ్ముడి టైగర్, అచ్చంపేట కుక్క దూకింది గోడే, కారణం మాత్రం వేరు. సమస్య పాదంలో ఒక్క అక్షరం మారకుండా కుక్క గుణం తలకిందులైంది, నేను కోరుకున్నది ఇదే. ‘దాయె’ తర్వాత ‘అయినా’ అన్న మాట ఒకటి పడి ఉంటే అతుకు ఇంకా బిగిసేది. ‘బెదిరినట్లు చేసి’ మాత్రం చాలా నచ్చింది. జడ్చర్ల పద్యానికి, అచ్చంపేట పద్యానికి మధ్య తేల్చలేక రెంటినీ మొదటి వరుసలో ఉంచుతున్నాను. ఒక్కటే ఎంచుకోమని బలవంతం చేస్తే నా ఓటు బర్రెకే. తర్వాత అక్కయ్య నల్లపెట్ట. తమ్ముడికి దిద్దిన పద్యంతో ప్రోత్సాహక స్థానం. దేవరకొండ సార్‌కు విరుపు కోసం చప్పట్లు, పెద్దాయనకు నమస్కారం.

వచ్చే వారం సమస్య, ఇదీ ఆటవెలదే:

పుంజు గుడ్డు పెట్టె పొద్దు పొడువ

దేవరకొండ సార్ పంచనామాకు రావచ్చు. పు–పొ యతి చెల్లుతుంది, అడగకండి. పూరణలు ఆదివారం రాత్రి దాకా తీసుకుంటాను.