డేవిస్ కప్ ఫైనల్‌కి మనం రెండుసార్లు వెళ్ళామా, మూడుసార్లా? పందెం ఉంది, చెప్పండి

ములాపేట_మూల:
నిన్న సాయంత్రం మా చిన్నాయనతో గొడవ. మన టెన్నిస్ సంఘం, అదే ఐటా, 1920 నుంచి ఉంది కదా, ఇన్నేళ్ళలో టీమ్‌గా ఏం సాధించిందని మాట వచ్చింది. నేను డేవిస్ కప్ (దేశాల మగ టీమ్‌లు ఆడే టెన్నిస్ పోటీ) ఫైనల్‌కి 1966, 1974, 1987ల్లో మూడుసార్లు వెళ్ళామన్నాను. ఆయన రెండేనంటాడు, "ఆడనిది ఫైనల్ ఎట్లయిద్దిరా" అని. ప్లేటు పులిబొంగరాలు పందెం. ఎవరు కరెక్ట్?

పెన్నా_ఒడ్డు:
రికార్డుల్లో మూడే బ్రో. 1974లో సోవియట్ రష్యావాళ్ళను పూణేలో ఓడించి ఫైనల్‌కి వెళితే అవతల దక్షిణాఫ్రికా తగిలింది. అక్కడ నల్లవాళ్ళను వేరుగా పెట్టే పాలన, మన దేశం 1946లోనే వాళ్ళతో వ్యాపారం ఆపేసింది, అలాంటి వాళ్ళతో ఆడబోమని మనవాళ్ళు తప్పుకున్నారు. కప్పు ఆడకుండానే వాళ్ళకి పోయింది. అప్పటిదాకా ఆ కప్పు గెలిచినవి అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, ఆస్ట్రేలియా మాత్రమే, ఐదో పేరు మనదయ్యేదేమో. విజయ్, ఆనంద్ అమృత్‌రాజ్‌లు మంచి ఊపు మీదున్న ఏడాది అది. ఆ ఏడాదే కలకత్తాలో ఆస్ట్రేలియాను 3-2తో ఓడించారు, డేవిస్ కప్‌లో టైబ్రేకులు (6-6 దగ్గర సెట్ తేల్చేసే పద్ధతి) లేని రోజులు కాబట్టి మొత్తం 327 గేములు నడిచింది. అంత కష్టపడి వచ్చి వదులుకోవడం... నాకైతే ఆ నిర్ణయం సరైందే అనిపిస్తుంది, కానీ ఆటగాళ్ళ కడుపు మండకుండా ఉంటుందా?

కావలి_కుర్రోడు:
మీ చిన్నాయన మాటలోనూ పాయింట్ ఉందబ్బయా. ఆడినవి రెండే. 1966లో మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియా మీద 4-1తో పోయింది, ఆ ఒక్కటీ రామనాథన్ కృష్ణన్, జైదీప్ ముఖర్జీ డబుల్స్‌లో న్యూకోంబ్, రోచ్ జోడీ మీద తెచ్చింది. 1987లో స్వీడన్‌లో 5-0. అయితే ఆ ఏడాది అసలు మ్యాచ్ సెమీస్, సిడ్నీలో గడ్డి మీద ఆస్ట్రేలియాను వాళ్ళ ఇంట్లోనే 3-2తో ఓడించాం. చివరి మ్యాచ్ గెలిపించింది రమేష్ కృష్ణన్, అంటే 1966 టీమ్‌లో ఆడినాయన కొడుకు. తీరా ఫైనల్‌కి స్వీడన్‌వాళ్ళు హాల్లో మట్టి కోర్టు వేశారు, మనవాళ్ళకి అది అసలు పడదు. ఇంకేముంది.

ఒంగోలు_బ్యాక్‌హ్యాండ్:
ఇందులో ఐటా గొప్పేముంది? ఆ పేర్లు చూడండి, తండ్రీకొడుకులు, అన్నదమ్ములు. ఇంట్లో డబ్బూ ఓపికా ఉంటేనే ఈ ఆట. మా పాపకి ఐటా నంబరు తీసుకుని టాలెంట్ సిరీస్ అనే పిల్లల టోర్నీలకి తిప్పుతున్నా, తెల్లారుజామున ఒంగోల్లో రైలెక్కి చెన్నైలో దిగడం, మొదటి రౌండ్‌లో ఓడిపోవడం, అర్ధరాత్రికి ఇల్లు చేరడం. పాప మాత్రం హుషారుగానే ఉంది, నాకే నడుం నొప్పి.

పెన్నా_ఒడ్డు:
@ఒంగోలు_బ్యాక్‌హ్యాండ్ అన్నా, ఖర్చు సంగతి నిజమే. కానీ ఆ కుటుంబాల తర్వాత ఏమీ లేదనకండి. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో మిక్స్‌డ్ డబుల్స్ బంగారం సానియా, సాకేత్ మైనేని తెచ్చారు, ఇద్దరూ మన తెలుగువాళ్ళే. 2020లో సానియా, అంకితా రైనా ఆడిన ఆడపిల్లల టీమ్ ఫెడ్ కప్‌లో (ఆడవాళ్ళ డేవిస్ కప్ లాంటిది) మొదటిసారి ప్లేఆఫ్‌కి వెళ్ళింది. 2025 సెప్టెంబర్‌లో డేవిస్ కప్‌లో మగపిల్లలు స్విట్జర్లాండ్‌ను వాళ్ళ దేశంలోనే 3-1తో ఓడించారు, యూరప్ వెళ్ళి యూరప్ టీమ్‌ను ఓడించడం 1993లో ఫ్రాన్స్ మీద గెలిచాక మళ్ళీ అప్పుడే.

ములాపేట_మూల:
థ్యాంక్స్ అందరికీ. ఇదంతా చిన్నాయనకి చదివి వినిపించా. కావలి తమ్ముడి రిప్లై ఒక్కటే పట్టుకుని "చూశావా, ఆడినవి రెండే" అంటున్నాడు. పులిబొంగరాల డబ్బు నేనే ఇచ్చా.