సీ లాంగ్వేజ్‌లో యావరేజ్ ఫంక్షన్: ఖాళీ లిస్ట్ వస్తే సున్నా ఇవ్వాలా, నాన్ (NaN, "ఇది నంబరే కాదు" అనే విలువ) ఇవ్వాలా?

లూప్‌లో_ఉన్నా: మా జూనియర్ ఒకడు యావరేజ్ ఫంక్షన్ రాసి రివ్యూకి పెట్టాడు, అర్రే, దాని సైజు తీసుకుని కూడి భాగించడమే. సైజు 0 అయితే రిటర్న్ 0 అన్నాడు. నేను తీసెయ్ అన్నా, సీనియర్ ఏమో ఉండనీ అంటున్నాడు. మీరేమంటారు?

ఎంబెడెడ్_బాబాయ్: ఉండనీ. ఇంట్‌ని (పూర్ణసంఖ్యని) సున్నాతో భాగిస్తే అన్‌డిఫైన్డ్, అంటే ఏమవుతుందో సీ రూల్స్ చెప్పవు, ఇంటెల్ మెషిన్ మీదైతే ప్రోగ్రామ్ అక్కడికక్కడే చచ్చూరుకుంటుంది. సున్నా ఇస్తే కనీసం నడుస్తుంది కదా.

పాయింటర్_పంతులు: నడుస్తుంది సరే బాబాయ్, ఎటు నడుస్తుంది? ఫ్రీజర్ సెన్సర్ వైరు ఊడి ఒక్క రీడింగూ రాలేదనుకో, నీ ఫంక్షన్ 0 డిగ్రీలు అంటుంది, మైనస్ 2, ప్లస్ 2 వచ్చినా 0 నే అంటుంది, ఇక రెండిటికీ తేడా ఎవడికి తెలుస్తుంది? డబుల్‌లో (దశాంశాల టైపు) కూడితే, దశాంశ లెక్కల స్టాండర్డ్ ఐఈఈఈ 754 ప్రకారం 0.0 బై 0.0 నాన్ వస్తుంది, అదే కరెక్ట్.

ఎంబెడెడ్_బాబాయ్: అదే ఫ్రీజర్‌లో "మైనస్ 18 కన్నా ఎక్కువైతే అలారం" అని రాసుంటే? నాన్ దేనికన్నా ఎక్కువా అని అడిగినా ఫాల్సే, అలారం మోగదు. నా సున్నాకైతే మోగుతుంది 😄

ఫస్టియర్_ఫైటర్: అన్నా మధ్యలో ఒక డౌట్, సైజు విడిగా ఎందుకు పంపాలి, ఫంక్షన్ లోపలే సైజాఫ్‌తో (ఎన్ని బైట్లో చెప్పేది) అర్రే బైట్లని ఒక్క ఇంట్ బైట్లతో భాగించి లెక్కేస్తే సరిపోదా? నాకు 10 నంబర్లిచ్చినా 2 అంటోంది.

పాయింటర్_పంతులు: తమ్ముడూ, లోపలికి వచ్చేది అర్రే కాదు, పాయింటర్, అంటే దాని మెమరీ అడ్రస్. 64 బిట్‌లో పాయింటర్ 8 బైట్లు, ఇంట్ 4, అందుకే 2. మెయిన్‌లోనే లెక్కేసి పంపు.
బాబాయ్, అలారం పాయింట్ ఒప్పుకుంటా. అయితే నాన్ కూడా వద్దు, సక్సెసా కాదా అన్నది రిటర్న్ చేసి సగటుని పాయింటర్ చూపించే చోట పెడదాం. రిటర్న్ పట్టించుకోనివాళ్ల కోసం సీ23లో (సీ కొత్త స్టాండర్డ్) నోడిస్కార్డ్ అనే గుర్తు ఉంది, కంపైలర్ వార్నింగ్ ఇస్తుంది.

ఎంబెడెడ్_బాబాయ్: మా కంపైలర్‌కి సీ99 (1999 నాటి సీ) వస్తేనే పండగ. కానీ ఐడియా ఓకే.

బిట్_బుజ్జి: ఖాళీ లిస్ట్ సంగతి తర్వాత, ఆ కోడ్‌లో సమ్ ఏ టైపు? ఇంట్ అయ్యి, సైజు సైజ్_టీ (మైనస్ లేని, అంటే అన్‌సైన్డ్ టైపు) అయితే మైనస్ 1, మైనస్ 2, మైనస్ 3 ఇచ్చి చూడండి. సమ్ అన్‌సైన్డ్‌గా మారిపోయి 6148తో మొదలయ్యే 19 అంకెల సగటు వస్తుంది.

లూప్‌లో_ఉన్నా: ఇప్పుడే రన్ చేశా. అదే వచ్చింది. సీనియర్‌కి స్క్రీన్‌షాట్ పంపా, ఇంకా రిప్లై లేదు.