ముహూర్తం షాట్: ముందు ఏం చూసుకోవాలి, పంతులుగారిని ఆపొచ్చా?

గోదావరి_ఫ్రేమ్స్:
అందరికీ నమస్కారం. పెళ్ళి ఫోటోలు తీసే మా టీమ్‌లో మొన్నటి పెళ్ళి నుంచి నడుస్తున్న గొడవ ఇది. ట్రెడిషనల్ (పోజు పెట్టించి) తీసే మా సీనియర్ అన్న మూడు ముళ్ళ దగ్గర పంతులుగారిని ఆపి, పెళ్ళికొడుకు చేత సూత్రం పైకెత్తించి, "ఇటు చూడమ్మా, కొంచెం నవ్వమ్మా" అని నాలుగు ఫోటోలు లాగాడు. పెళ్ళికూతురి మేనమామ అందరి ముందే కేకలేశాడు. క్యాండిడ్ (జరుగుతున్నది జరుగుతున్నట్టే) తీసే కుర్రాడేమో, అన్నీ ముందే చూసుకుని నిలబడితే ఆపాల్సిన పనే రాదంటాడు. అన్న మాట: "ఆల్బమ్‌లో పిల్ల ముఖం లేకపోతే తిట్టేదీ ఆ మేనమామే." మీరేమంటారు? బటన్ నొక్కే ముందు మీరు నిజంగా ఏం చూస్తారు? మండపం మీద పనికొచ్చేవే చెప్పండి.

తెనాలి_పాత_స్టూడియో:
మీ సీనియర్‌ది తప్పనను. మేం ఆపేవాళ్ళం, ఎవరూ ఏమనేవాళ్ళు కాదు. రోలుకి 36 ఫ్రేములు. ఒకసారి ఫ్లాష్ వెలిగితే మళ్ళీ చార్జయ్యేదాకా చేతులు కట్టుకు నిలబడాలి. ఆ లోపల ముడి పడిపోతే ఇంకేం తీస్తాం? తీసింది ఎలా వచ్చిందో ల్యాబ్ నుంచి ప్రింట్లు వస్తే గానీ తెలీదు. అందుకే నొక్కకముందే చూసేవాళ్ళం: దూరం ఎంత, అపర్చర్ (లెన్స్ ఎంత తెరుచుకుంటుందో) ఎంత, ఎవరి కళ్ళు మూసుకున్నాయి, ఏ మూల నుంచి ఎవరి చెయ్యి దూరింది.

ఇప్పుడు కుర్రాళ్ళు వంద నొక్కి ఒకటి ఏరుకుంటున్నారు. అది చూడటం కాదు నాయనా, ఏరుకోవడం.

మాదాపూర్_నైట్‌షిఫ్ట్:
గురువుగారూ, మీ మీద గౌరవంతోనే కాదంటున్నా. మీరు ఆపింది ఫ్లాష్ కోసం. ఇప్పటి కెమెరా సెకనుకి పది ఫ్రేములు తీస్తుంది, ఇంకా ఎందుకు ఆపాలి? ఫిల్మ్ నాటి ఇంకో అలవాటుతోనూ జాగ్రత్త. నెగటివ్‌కి వెలుగు కాస్త ఎక్కువిచ్చినా తట్టుకునేది, అందుకే అరస్టాప్ (స్టాప్ అంటే వెలుగు కొలత) ఎక్కువిచ్చేవారు. డిజిటల్‌లో అదే చేస్తే మధుపర్కాల తెలుపు ఎగిరిపోతుంది. పోయిన తెలుపుని ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేదు. నీడలో ఉన్న ముఖాన్నైతే రా ఫైల్లో (కెమెరా దిద్దకుండా దాచే ఫైలు) కొంత లేపొచ్చు.

నేను చూసేవి చెప్తా. అన్నిటికంటే ముందు, నిన్న రాత్రి సంగీత్‌లో పెట్టిన సెట్టింగులు ఇంకా ఉన్నాయా? ఐఎస్‌ఓ (వెలుగుకి కెమెరా ఎంత స్పందించాలో), ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (వెలుగు కావాలని పెంచడం, తగ్గించడం), వైట్ బ్యాలెన్స్ (లైట్ల రంగుకి సవరణ). సగం ప్రమాదాలు ఇక్కడే. తర్వాత కార్డులు రెండూ ఉన్నాయా, రెండింటిలోనూ రాస్తోందా. రెండు కెమెరా బాడీల గడియారాలు కలిశాయా. కలవకపోతే ఆల్బమ్ వరుసలో తలంబ్రాలు ముందూ జీలకర్ర బెల్లం తర్వాతా వస్తాయి.

అసలు తలనొప్పి వెలుగు. మన కరెంటు 50 హెర్ట్జ్. దాని మీద నేరుగా నడిచే చవక లైట్లు సెకనుకి 100 సార్లు మిణుకుతాయి. షట్టర్ 1/50, 1/100 సెకనులో ఆ మిణుకు పెద్దగా పట్టుబడదు. 1/320కి వెళ్తే ఒక ఫ్రేము వెలుగు, పక్క ఫ్రేము చీకటి, లేదంటే అడ్డంగా చారలు. వెనక ఎల్ఈడీ వాల్ ఉంటే దాని మిణుకు ఇంకా వేగం. సైలెంట్ షట్టర్‌లో సెన్సర్‌ని వరసవరసగా చదువుతుంది కాబట్టి చారలు మరీ ఎక్కువ. కాబట్టి మండపం మీద సైలెంట్ ఆపేసి మెకానికల్ షట్టర్, ఫ్లికర్ తగ్గించే ఆప్షన్ ఆన్. ఇవి చూసుకోవడానికి గౌరీపూజ సమయం ఉందిగా! అది మండపం మీదే జరిగితే అవే లైట్లు, అదే చోటు. నాలుగు షాట్లు తీసి జూమ్ చేసి చూసుకుంటే తెర తీసే వేళకి వెనక స్క్రీన్ వైపు చూసే పని ఉండదు.

ఇక అపర్చర్. 85 ఎంఎం లెన్స్‌తో 2 మీటర్ల నుంచి ఎఫ్/1.4లో తీస్తే ఫోకస్‌లో ఉండే మందం 4, 5 సెంటీమీటర్లు, అంతే. ముడి వేసేటప్పుడు అబ్బాయి ముఖం, అమ్మాయి ముఖం ఎప్పుడూ ఒకే దూరంలో ఉండవు. ఎఫ్/4 పెడితే మందం 13 దాకా వస్తుంది. బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ మోజు రిసెప్షన్‌లో తీర్చుకోండి.

అట్లాంటా_అక్క:
నేను ఫోటోగ్రాఫర్‌ని కాదు. మా చెల్లి పెళ్ళి ఇక్కడ తెల్లవారుజామున లేచి లైవ్‌లో చూశాను. సరిగ్గా జీలకర్ర బెల్లం వేళకి స్క్రీన్ నిండా నల్ల చొక్కాల వీపులు. అక్కడ ముందు వరసలో కూర్చున్న మా నాన్నమ్మకీ అవే వీపులు. మీ లిస్టులో ఐఎస్‌ఓ ఉంది, గడియారం ఉంది. వెనక్కి తిరిగి ఎవరికి అడ్డొస్తున్నామో చూసుకోవడం ఎవరి లిస్టులోనూ కనపడలేదు.

ఒక్కటి మాత్రం మీ సీనియర్ వైపు. మా ఇంట్లో ఫ్రేము కట్టించుకున్నది ఆపి తీయించిన ఫోటోనే. మిగతావాటిలో చెల్లి తల వంచుకునే ఉంది.

గోదావరి_ఫ్రేమ్స్:
అక్కా, మా దగ్గరా అదే కథ. సెలెక్షన్‌లో పెళ్ళికూతురు టిక్ పెట్టిన వాటిలో అన్న ఆపి తీసిన నాలుగూ ఉన్నాయి. అన్న రెండు రోజులుగా ఈల వేసుకుంటూ తిరుగుతున్నాడు.

పౌరోహిత్యం_చేస్తాను:
నా మాట కూడా వినండి. చాలా ఇళ్ళల్లో సుముహూర్తం అంటే జీలకర్ర బెల్లం. లగ్నపత్రికలో రాసిన నిమిషం దానిదే. అక్కడ మీరే కాదు, పెళ్ళికొడుకు తండ్రి ఆగమన్నా నేనాగను. మంగళసూత్రధారణ దగ్గర కొంచెం వెసులుబాటు ఉంటుంది. మంత్రం చెప్పాక సూత్రం రెండు క్షణాలు అందరికీ చూపించమని నేనే అంటాను, ఫోటో అక్కడ తీసుకోవచ్చు. ముడి మధ్యలో ఆపడం, వేసిన ముడిని మళ్ళీ వేస్తున్నట్టు నటించమనడం నాకు నచ్చదు. నచ్చని మాట మైకులోనే చెప్తాను కూడా.

మీరెవరూ రాయనిది ఒకటుంది. ముందే వచ్చి నన్ను అడగండి. తెర ఎప్పుడు తీయిస్తాను, నేను ఎటు కూర్చుంటాను, ఆడపడుచు దీపం పట్టుకుని ఎటు నిలబడుతుంది, ఏది ముందు ఏది తర్వాత. జిల్లా మారితే వరస మారుతుంది, ఇంటి ఆచారాన్ని బట్టీ మారుతుంది. అడిగేవాళ్ళు తక్కువ. నా తల అడ్డొచ్చిందని తర్వాత సణిగేవాళ్ళు బోలెడు.

తెనాలి_పాత_స్టూడియో:
ఆ వెసులుబాటునే నేను ఆపడం అన్నాను పంతులుగారూ. ముడి మళ్ళీ వేయించడం మా రోజుల్లోనూ లేదు. అట్లాంటా అమ్మాయి మాటకి జవాబు: మోకాళ్ళ మీద కూర్చుని తీయండి. మండపం ఎత్తులో ఉంటుంది, పెళ్ళివాళ్ళు పీటల మీద ఉంటారు. కింద నుంచి తీస్తే వంచుకున్న ముఖమూ దొరుకుతుంది, వెనకవాళ్ళకీ కనపడుతుంది.

మాదాపూర్_నైట్‌షిఫ్ట్:
మోకాళ్ళ సంగతి ఒప్పుకున్నా. పంతులుగారిని అడగమన్నదీ రాసుకున్నా, నా లిస్టులో లేనిది అదే. ఆపడం దగ్గర మాత్రం ఇంకా కాదంటాను. ఆపిన ఫోటోలో అమ్మాయి కెమెరాకి నవ్వుతుంది, సూత్రం కట్టించుకుంటున్న ముఖం అది కాదు. ఫ్రేము కట్టించారంటే ముఖం కనపడిందనే. ముఖం కనపడే చోటు ముందే వెతుక్కోవడం మన పని.

గోదావరి_ఫ్రేమ్స్:
సరే, ఇంకో డౌట్. తలంబ్రాలకి షట్టర్ ఎంత పెడతారు? 1/100 దాటితే చారలంటున్నారు, 1/100లో బియ్యం గీతల్లా వస్తున్నాయి.

మాదాపూర్_నైట్‌షిఫ్ట్:
20 సెంటీమీటర్లు పడేసరికి గింజ వేగం సెకనుకి 2 మీటర్లు. అంటే 1/100లో గింజ 2 సెంటీమీటర్ల గీత, 1/500లో 4 మిల్లీమీటర్లు. లైట్లు మంచివైతే 1/500 పైకి వెళ్ళు. మిణుకుతుంటే 1/200లో ఫ్లాష్ వాడు. ఐఎస్‌ఓ తగ్గించి మండపం లైట్ల వాటా తగ్గిస్తే గింజని ఆపేది ఫ్లాష్ మెరుపే. నీ కెమెరా సింక్ స్పీడ్ (ఫ్లాష్‌తో మామూలుగా వాడగల అత్యధిక షట్టర్ వేగం) 1/200 అయితే దాన్ని దాటకు, ఫ్రేములో నల్లపట్టీ వస్తుంది. ఫ్లాష్‌ని వెలిగించే ట్రిగ్గర్ బ్యాటరీ కూడా గౌరీపూజ అప్పుడే చూసుకో.